ముందు నీళ్లు, తర్వాత కల్లు

ఆ రోజు నల్లా మధ్యాహ్నం మూడుంబావుకు వచ్చింది. రోజు విడిచి రోజు నాలుగు గంటలకు రావాల్సిన నీళ్లు అవి. కొంచెం ముందు రావడం వింతేమీ కాదు, వాల్వు తిప్పే మనిషికి ఏదో పని పడి ఉంటుంది. కాని ఆ సమయానికి గల్లీలో ఆడవాళ్లెవరూ బయట లేరు. ఎండాకాలం, పైగా రంజాన్ నెల. బయట ఉన్నది మేమే. డిగ్రీ చివరి పరీక్ష రాసి వచ్చి కల్లు తాగిన విద్యార్థులం.

నల్లగొండలో పానగల్‌కు పోయే దారికి దగ్గరగా ఉండేది ఆ గల్లీ. ఎనభైల చివర్లో, చుట్టుపక్కల ఊళ్ల నుంచి చదువుకు వచ్చినవాళ్లు అక్కడ గదులు కిరాయికి తీసుకునేవాళ్లు. నేనూ నా మిత్రుడూ ఒక దర్జీ ఇంటి వెనక గదిలో ఉన్నాం. ఆ పెద్దమనిషిని చాచా అని పిలిచేవాళ్లం. ముందు వరండాలో ఆయన కుట్టుమిషను, వెనక మా పుస్తకాలు.

మిత్రుడిది మేళ్లచెరువు దగ్గర పల్లె. తల్లిదండ్రులు సున్నపురాయి క్వారీలో కూలికి పోయేవాళ్లు. క్రైస్తవులు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి అతడే. పోయిన చలికాలంలో చనిపోయాడు. అంత్యక్రియలకు వచ్చినవాళ్లు అతని గురించి మంచి మాటలు చాలా చెప్పారు. వాటిలో ఈ సంగతి లేదు, ఆ రోజు గల్లీలో ఉన్నవాళ్లెవరూ నేను తప్ప అక్కడికి రాలేదు. అందుకని రాస్తున్నాను.

అతనికి గది దొరకడం తేలిక కాలేదు. నేను పక్కనే ఉండి చూశాను. ఏ ఊరు అని అడిగేవాళ్లు, తర్వాత ఇంటిపేరు, తర్వాత ఎవరోళ్లు అని. చెప్పగానే ఆ గది అంతకుముందు రోజే ఎవరికో ఇచ్చేసినట్టు తేలేది. చాచా మాత్రం మిషను ఆపకుండానే ఒక్క ప్రశ్న వేశాడు.

“రాత్రి లైటు ఎంతసేపు ఏస్తరు?”

“పరీక్షలప్పుడు జర ఎక్కువనే చాచా,” అన్నాడు మిత్రుడు.

“మంచిదే. దొంగలు రారు,” అన్నాడు చాచా. అంతే, గది మాదైంది.

చివరి పరీక్ష రోజు ఏం చేయాలన్నది ఆ కాలేజీలో మాకంటే ముందువాళ్లు నిర్ణయించి పెట్టారు. బయటికి రాగానే పెన్నుల్లో మిగిలిన ఇంకు ఒకరి చొక్కాల మీద ఒకరు చల్లుకోవాలి. తర్వాత గదులున్న గల్లీకి వచ్చి, డాబా ఎక్కి, ఉడికించిన శనగల గుడాలు తింటూ తాటికల్లు తాగాలి. డప్పు దొరికితే ఎగరాలి. గల్లీవాళ్లు ఏటా గొణిగేవాళ్లు, ఒకటి రెండుసార్లు గట్టిగానే తిట్టారు. కల్లు తాగడం వాళ్లకు వింత కాదు, తాగే ఇళ్లు అక్కడా ఉన్నాయి. పరాయి ఊళ్ల పిల్లలు తమ ఇళ్ల నడుమ అరవడం వాళ్లకు నచ్చేది కాదు. మాకు కల్లు వచ్చేది కూడా ఆ గల్లీ నుంచే. ఎదురింటి ఆయన తాటిచెట్లు గీసేవాడు. ఆయన భార్యను మేమంతా అక్కా అని పిలిచేవాళ్లం. కల్లు నింపిన లొట్లు దించి ఇస్తూ “మెల్లగ తాగుండ్రి, కొంపలు కూలవు,” అని నవ్వేది.

మిత్రుడు ఆ రోజు డాబా ఎక్కలేదు. అతని గ్రూపు వేరు, ఇంకా రెండు పేపర్లు ఉన్నాయి. గదిలో చదువుకుంటున్నాడు.

నల్లాలో నీళ్లు పడుతున్న చప్పుడు విని మావాళ్లు కిందికి దిగారు. సాయంత్రం బస్సెక్కి ఇళ్లకు పోవాలి, చొక్కాల నిండా ఇంకు. నల్లా చుట్టూ గల్లీవాళ్ల బిందెలు వరుసగా ఉన్నాయి. అన్నీ ఖాళీవే. మావాళ్లు వాటిని తీసి గోడవారగా పడేసి, చొక్కాలు ఉతికి, తలల మీద నీళ్లు పోసుకున్నారు. మోరీలో నీలంగా పారింది. అక్క తలుపు తీసి బయటికి వచ్చేసరికి ధార సన్నబడుతోంది. ఆమె కేకకు ఇంకో నలుగురు వచ్చేసరికి అదీ ఆగిపోయింది.

ఆ గల్లీలో బోరు నీళ్లు ఉండేవి. వాటితో గిన్నెలు కడిగేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు. ఫ్లోరైడు భయానికి తాగేవాళ్లు కాదు. ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లు గార పట్టి ఉండేవి, ముసలివాళ్ల నడుములు వంగి ఉండేవి. తాగడానికి ఆ ఒక్క నల్లాయే. మళ్లీ ఎల్లుండి దాకా రాదు. పొద్దు గూకితే సగం ఇళ్లలో ఉపవాసం విడవాలి.

“మా ఆయన గీసిన కల్లు తాగి, నా నీళ్లల్లనే అంగీలు ఉతుక్కున్నర్రా?” అంది అక్క. “మీకు కల్లు పోసినమా, ఉన్న బుద్ధి తీసి దాసుకున్నమా?”

“కావాలని చెయ్యలేదక్కా. ఖాళీ బిందెలే గదా, పక్కకు పెట్టినం, అంతే,” అన్నాడు మావాడొకడు.

“ఖాళీ బిందెనా? అది నేను రా! పొద్దుగాల్ల నుంచి ఈడ నిలవడ్డది నేను! నన్ను తీసి గోడకు పడేసినవ్!”

మావాడికి ఆ మాట అర్థం కాలేదు. ఇక్కడ నీళ్లు పట్టే పని ఇంటివాళ్లకో గదిలో ఇంకొకరికో వదిలేశాం. మేం బావులున్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం. అక్కడ ఎప్పుడు కావాలంటే అప్పుడు చేదుకోవడమే, బిందె అంటే బిందె. ఈ గల్లీలో వరుసలో పెట్టిన బిందె అంటే మనిషి నిలబడ్డట్టు. దాన్ని జరపడానికి పక్కింటివాళ్లు కూడా సాహసించరు.

చాచా వరండా ముందు జనం చేరారు. మూలింట్లో ఉండే ఒక గుమాస్తా ఈ సందర్భం కోసమే చూస్తున్నట్టు మొదలుపెట్టాడు. “ఇగ చాలు. ఈ గల్లీల చదువుకునే పోరగాండ్లకు గదులియ్యొద్దు. రేపు పొద్దుగాల్లకల్ల అందరు ఖాళీ చెయ్యాలె. ఏం చాచా, నీ ఇంటికాన్నుంచే మొదలువెట్టు.”

చాచా పెదవులు ఎండి ఉన్నాయి. “నా ఇంట్ల ఒకడు తాగలే. వానికి ఇంక పరీక్షలున్నయ్,” అన్నాడు.

“గుంపుల ఉన్నోడు గుంపుల మనిషే.”

ఎవరూ కాదనలేదు. మాకు పోయేదేమీ లేదు, మర్నాటికి ఎవరి ఊళ్లలో వాళ్లుంటాం. నష్టం అతనికే. మేళ్లచెరువు నుంచి రోజూ వచ్చి పరీక్ష రాయడం కుదరదు. రెండు పేపర్లు పోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే ఇంట్లోవాళ్లు మళ్లీ పంపుతారన్న నమ్మకం అతనికి లేదు. నాకూ లేదు.

మాటలు విని మిత్రుడు బయటికి వచ్చాడు. తాను తాగలేదని చెప్పుకోలేదు. గడువు అడగలేదు. గోడవార దొర్లిన బిందెల దగ్గరికి పోయి నిలబడ్డాడు.

“అక్కా, మొదటి బిందె ఎవరిది?”

“ఎవరిదైతే ఏందిరా ఇప్పుడు?”

“చెప్పక్కా. ఎవరి ఎనక ఎవరున్నరో చెప్పు. అట్లనే పెడత.”

ఆమె కోపంగానే చూపించింది. అతను ఒక్కో బిందె తెచ్చి పెట్టాడు. మధ్యలో ఇద్దరు ఆడవాళ్లకు తగువు వచ్చింది, నాది ముందంటే నాది ముందని. “నీది సొట్ట బిందె, నాకెరుకలేదా, నా ఎనకనే ఉండె,” అంది ఒకామె. పక్కవాళ్లు నవ్వారు. గుమాస్తా ఏదో అనబోయాడు గాని, అప్పటికి అందరూ వరుస సంగతిలో పడిపోయారు.

వరుస కుదిరాక అతను మావైపు తిరిగాడు. “కల్లు దిగిందా? దిగకున్నా సైకిల్ నూకొచ్చు. లేవుండ్రి.”

పానగల్ దారిలో ఒక తోట ఉంది, అందులో తియ్యటి నీళ్ల బావి. అక్క భర్త గీసే తాటిచెట్లు ఆ తోటలోనే. “నా పేరు చెప్పుండ్రి, తోటాయన చేదుకోనిస్తడు,” అన్నాడాయన. చాచా సైకిలు, మా సైకిళ్లు, అడిగి తెచ్చినవి ఇంకొన్ని. వరుసలోవి కదపకుండా, క్యారియర్లకు తాళ్లతో వేరే బిందెలు కట్టుకుని పోయాం. వచ్చేటప్పుడు తొక్కలేం, నెట్టుకుంటూ రావాలి. ఎండ ఇంకా తగ్గలేదు. ఒకడు దారిపక్కన కూర్చుని తాగిందంతా కక్కుకుని, మూతి తుడుచుకుని మళ్లీ హ్యాండిలు పట్టుకున్నాడు.

దారిలో మిత్రుణ్ని అడిగాను, నీళ్లు తెస్తే చాలదా, ఆ వరుస గొడవ ఎందుకని.

“మా ఊర్ల బాయి కాడ మాకు వరుస లేకుండె,” అన్నాడు. “ఎవరన్న వచ్చి పోస్తెనే నీళ్లు. పొద్దంత కూసున్నా అంతే. ఈడికొచ్చిన మొదటి దినం బిందె తెచ్చి నల్లా కాడ పెట్టిన. పొయ్యి కాలేజీల కూసున్న గని మనసంత ఈన్నే. వచ్చి చూస్తె పెట్టిన కాడనే ఉంది. ఎవ్వరు జరపలే.”

తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను. ఆ మాటల పక్కన పెట్టదగినవి వాటిలో తక్కువే కనిపించాయి.

పొద్దు వాలే వేళకు బిందెలు గల్లీకి చేరాయి. మొదటి బిందె ఎవరిదో వాళ్లకే ముందు పోశాం, ఆ తర్వాతిది ఆ తర్వాతవాళ్లకు. అక్క వంతు వచ్చింది, నింపుకుంది. ఆమె బిందె వెనకాల ఒక చిన్న బిందె ఉంది. మిత్రుడు దాన్ని దాటి తర్వాతి ఇంటికి పోబోయాడు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

“ఏడికి? నా ఎనక నీదే గదా బిడ్డా. పొద్దుగాల్ల నువ్వు పెట్టంగ నేను చూడలేదా? నింపుకో.”

అతను నింపుకున్నాడు. మసీదు నుంచి అజాన్ వినిపించింది. చాచా ఖర్జూరం నోట్లో వేసుకుని, మేం తెచ్చిన నీళ్లు ఒక గుక్క తాగి, గ్లాసు పైకెత్తి వెలుతురులో చూశాడు.

“ఇంకు లేదు,” అన్నాడు. అప్పటిదాకా నవ్వనివాళ్లు కూడా నవ్వారు.

గుమాస్తా రేపటి సంగతి మళ్లీ ఎత్తాడు. అక్క అతని మాట పూర్తి కానివ్వలేదు. “ఆ పిల్లగాడు పరీక్షలు రాస్తడు. ఆ తర్వాత కూడ ఉండాలంటే ఉంటడు. మిగిలిన కోతులకు నేను చెప్త,” అంది. మావైపు తిరిగి, “వచ్చే ఏడు ఎవడన్న తాగాల్నంటే, ముందు నీళ్లు తెచ్చి వరుసల పోయాలె. ముందు నీళ్లు, తర్వాత కల్లు. లేకుంటె మా ఆయన లొట్టి ఒక్కటి గూడ దించడు,” అంది. భర్త అవునన్నట్టు తల ఊపాడు. ఆయనకు వేరే దారి ఉన్నట్టు కనిపించలేదు.

మిత్రుడు రెండు పేపర్లూ రాశాడు, పాసయ్యాడు. టీచరు ట్రైనింగు కూడా ఆ గదిలో ఉండే చేశాడు. తర్వాత ఆలేరు వైపు బడిలో చాలా ఏళ్లు పనిచేశాడు. అక్క మాట ఉత్త బెదిరింపు కాదని మరుసటి ఏడే తెలిసింది. కొత్త పిల్లలకు గది ఇచ్చేటప్పుడే చెప్పేవాళ్లు. తొంభైలలో ఎప్పుడు అటు పోయినా, పరీక్షలు ముగిసే రోజు ఇంకు చొక్కాలతో సైకిళ్లు నెట్టుకుంటూ వచ్చే కుర్రవాళ్లు కనిపించేవాళ్లు. గొడవలు పూర్తిగా పోలేదు. డప్పు మోగితే గుమాస్తా తలుపు చప్పుడుతో వేసుకునేవాడు. కాని ఎవరినీ ఖాళీ చేయమని అనలేదు. కొన్నేళ్లకు ఆయన కూడా తన బిందెను వరుసలో పెట్టి, వాళ్లు తెచ్చే నీళ్ల కోసం అరుగు మీద కూర్చునేవాడట.

మొన్న మిత్రుడి జ్ఞాపకార్థ కూడికకు పోయి వస్తూ ఆ గల్లీలో ఆగాను. చాచా లేడు. ఆయన మనవడు అదే గదిని ఇద్దరు విద్యార్థులకు ఇచ్చాడు. ఇంటింటికీ నల్లా ఉంది, నీళ్లు బాగున్నాయి. ఆఖరి పరీక్ష రోజు ఇప్పుడు ఎవరూ నీళ్లు మోయడం లేదు.