కదలని కారులో వెలిగే దీపం

మా ఇంట్లో కారు కొన్నది తిరగడానికి కాదు, ఉండటానికి. నరసరావుపేటలో మా స్టీలు సామాన్ల కొట్టు ఇంటికి కూతవేటు దూరం. మా ఆయన కొట్టుకి నడిచే వెళతారు, భోజనానికి నడిచే వస్తారు. కారు తీయాలంటే మా సందులో ముందు ఎదురింటివాళ్ల మోటారుసైకిలు జరపాలి, తర్వాత పక్కింటివాళ్లు ఎండబోసిన మిరపకాయలు ఎత్తించాలి, ఆ తర్వాత ఎవరిదో తెలియని ఒక గేదెను బతిమాలుకోవాలి. అందుకని ఏదో పెళ్లికో, శివరాత్రి రద్దీ తగ్గాక ఒకసారి కోటప్పకొండకో తప్ప ఆ కారు గుడ్డ కప్పుకుని పడుకునే ఉండేది. "మీ కారుకి ఎప్పుడు చూసినా ముసుగే, దాన్నేమన్నా పెళ్లికూతుర్ని చేశారా ఏంది?" అని సందులో వాళ్లు మమ్మల్ని ఆటపట్టించేవారు.

తిరగని కారుకి కూడా ఒక పని ఉంది. అది మా అత్తయ్య అప్పగించిన పని.

మా అత్తయ్యకి మాచర్లలో ఒక అక్క ఉంది. మా ఆయనకి పెద్దమ్మ, నాకు పెద్దత్తయ్య. చిన్నప్పుడు ఈ అక్కచెల్లెళ్లిద్దర్నీ ఎత్తిపోతల జలపాతానికి తీసుకెళతానని వాళ్ల నాన్న చెబుతూనే ఉండేవాడట. ఆయన చెప్పడంతోనే సరిపెట్టి వెళ్లిపోయాడు. పెద్దత్తయ్య పెళ్లై మాచర్లకే వెళ్లింది. అక్కణ్ణుంచి ఎత్తిపోతల ఎంతో దూరం లేదు. అయినా పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, ఆవిడ ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు మోకాళ్లు బస్సెక్కనివ్వవు, కళ్లు రోజురోజుకీ మసకబారుతున్నాయి. కారు మా సందులోకి వచ్చిన రోజునే మా అత్తయ్య ఫోన్ చేసి మాటిచ్చేసింది. "అక్కా, నా కొడుకు కారులో వచ్చి నిన్ను ఎత్తిపోతల తీసకపోతా. నీ కళ్లు పూర్తిగా పోకముందే చూపిస్తా" అంది. మా అత్తయ్య మాట సుతిమెత్తగా ఉండదు గానీ, మాటిస్తే మాటే.

ఇక స్వామి సంగతి చెప్పాలి.

మా కొట్టులో దేవుడి పటాల ముందు ఒక చిన్న ఎర్ర బల్బు ఉంది. కొట్టు కట్టేసినా, ఊరెళ్లినా, మెయిన్ ఆపేసినా అది మాత్రం వెలగాలి. దానికి వేరే లైను మా మామయ్య ఉన్నప్పుడే వేయించారు. సరుకు లేకపోయినా వ్యాపారం ఎట్లాగో నడుస్తుందట, ఆ దీపం లేకపోతే నడవదట. మా ఇంట్లో దీపం ఆరిపోయిందని కూడా అనరు, కొండెక్కిందంటారు. అది కూడా గొంతు తగ్గించి.

అలాంటి ఇంట్లోకి కారొచ్చింది. తిరునాళ్లలో కొన్న కోటప్పకొండ స్వామి బొమ్మను అత్తయ్య కారు లోపల, ముందు డ్యాష్‌బోర్డు మీద అంటించింది. ఆయన తల వెనక గుండ్రంగా తిరిగే రంగురంగుల లైట్ల చక్రం. ఎరుపు, పచ్చ, నీలం, మళ్లీ ఎరుపు. బానే ఉంది. కానీ తాళం తీసేయగానే ఆ చక్రం కూడా ఆగిపోయింది. అత్తయ్య కొడుకు మీద విరుచుకుపడింది.

"ఒరేయ్, స్వామిని చీకట్లో కూర్చోబెట్టి పైన ముసుగు కప్పుతారంట్రా? మనుషులేనా మీరు?"

మా ఆయన తల్లి మాట జవదాటరు. పందిళ్లకు సీరియల్ లైట్లు కట్టే అతన్ని పిలిపించి, బ్యాటరీ నుంచి తిన్నగా స్వామికి వైరు లాగించారు. తాళం ఉన్నా లేకపోయినా చక్రం తిరగడం మొదలుపెట్టింది. అత్తయ్య సంతోషంగా రెండు చెంపలూ వేసుకుంది.

మొదటిసారి మాచర్ల ప్రయాణం పెట్టుకున్న రోజు పులిహోర కలిపాము, అప్పడాలు వేయించాము, గేదెను బతిమాలాము. కారు గుడ్డ తీసి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మా ఆయన తాళం తిప్పారు. కారు "టిక్కు" అంది. మళ్లీ తిప్పారు. మళ్లీ "టిక్కు". నిమ్మకాయలు నలగలేదు. చూస్తే స్వామి వెనక చక్రం కూడా ఆగిపోయి ఉంది.

"అయ్యో, బ్యాటరీ పోయి స్వామి గూడా చీకట్లో పడ్డాడ్రా!" అంది అత్తయ్య.

మేమందరం స్వామి మీద జాలిపడ్డాము. ఒక్కరికీ అనుమానం రాలేదు. దొంగను పక్కన కూర్చోబెట్టుకుని పాపం ఆయన సొమ్ము కూడా పోయిందే అని ఓదార్చినట్టయింది మా పని. పులిహోర వరండాలోనే తినేశాము.

బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టించాము. ఆ రోజు నుంచి సలహాలు మొదలయ్యాయి. వారానికోసారి కారు స్టార్ట్ చేసి కాసేపు ఉంచమన్నారు ఎవరో. మా ఆయన దాన్ని వ్రతంలా పట్టారు. ప్రతి శుక్రవారం తలస్నానం చేసి, కారుకి అగరొత్తులు తిప్పి, స్టార్ట్ చేసి, ఏసీ పెట్టుకుని, పాటలు పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చునేవారు. మా పల్నాడు ఎండలకి ఆ ఏసీ సంగతి సందంతా పాకింది. పక్కింటి మామ్మ మిరపకాయల తొడిమలు తీసే పళ్లెంతో సహా వచ్చి వెనక సీట్లో కూర్చునేది. "ఇయ్యాల ఇంత తొందరగా ఆపేశావేంది నాయనా, ఇంకా సగం పళ్లెం ఉంది" అనేది. శుక్రవారం అంత సేవ చేసినా, రెండోసారి మాచర్లకి బయలుదేరిన రోజు కారు మళ్లీ "టిక్కు" అంది. చక్రం మళ్లీ ఆగిపోయి ఉంది. మేము మళ్లీ జాలిపడ్డాము.

ఫోన్లో పెద్దత్తయ్య నవ్వింది. "ఏమే, మీకున్నది కారా, కారు ఫోటోనా?"

అత్తయ్య ఆ రోజు అన్నం సరిగా తినలేదు. చిన్నప్పుడు నాన్న తీసుకెళతానని తీసుకెళ్లలేదు, ఇప్పుడు తనూ అదే పని చేస్తోంది. అదీ ఆవిడ బాధ. నాకూ బాధగానే ఉంది. నా బాధ మాత్రం కోపంగా బయటికొచ్చేది, అది మా ఆయన మీద పడేది.

అప్పుడు ఎదురింటి బాబాయ్ వచ్చారు. ఆయనకి ట్రాక్టరుంది కాబట్టి ఆయన మాట మాకు వేదం. "తియ్యనప్పుడు బ్యాటరీకున్న మైనస్ వైరు పీకి పక్కన పెట్టు అబ్బాయ్. ఇంక దాన్ని తాగేదేమీ ఉండదు. నెల తర్వాతైనా తగిలిస్తే చాలు, బండి లేచిద్ది" అన్నారు. బంగారం లాంటి సలహా. మా ఆయన బానెట్ ఎత్తి వైరు మీద చెయ్యి వేశారో లేదో, వెనక నుంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"మరి స్వామో?"

అందరం బానెట్ చుట్టూ నిలబడి ఆలోచించాము. మా ఆయనకే మెరుపులాంటి ఉపాయం తట్టింది. కారు వైరు పీకేశారు. స్వామి దీపం వైర్లు రెండూ మాత్రం బ్యాటరీకే విడిగా క్లిప్పులతో తగిలించారు. కారుకి కరెంటు బంద్, స్వామికి మాత్రం నిరాటంకం. "ఎట్టా ఉంది?" అన్నట్టు నా వైపు చూశారు. భలే ఉపాయమండీ అని నేనూ మెచ్చుకున్నాను. ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే నాకే నవ్వొస్తుంది.

ఇంకా నమ్మకం చాలక కొత్త బ్యాటరీ కూడా వేయించాము. కాలవలకు నీళ్లు వదిలారని, ఎత్తిపోతల బాగా దూకుతోందని కబురొచ్చింది. మూడోసారి ప్రయాణం కట్టాము. పెద్దత్తయ్య పొద్దున్నే పట్టుచీర కట్టుకుని అరుగు మీద కూర్చుందని ఆవిడ కోడలు ఫోన్ చేసింది. మా ఆయన మైనస్ వైరు తగిలించి, దణ్ణం పెట్టుకుని, తాళం తిప్పారు.

"టిక్కు" కూడా అనలేదు.

అత్తయ్య మెట్టు మీద కూలబడి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కారు కదల్లేదని ఏడ్చే పెద్దావిడను నేను అప్పుడే చూడటం. నా కోపం ఎటుపోయిందో కూడా తెలియలేదు. మా ఆయన మాచర్లకి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి తల్లి చేతికిచ్చారు.

"కొత్త బ్యాటరీ అక్కా. వైరు గూడా పీకి పెట్టాం. కార్లో ఏదీ ఎలగట్లా. అయినా చచ్చింది" అంది అత్తయ్య.

"ఏదీ ఎలగకపోతే ఎట్టా చచ్చిద్దే?"

"ఏదీ ఎలగదు. స్వామి దీపం ఒక్కటే."



"ఎంతసేపు ఎలిగిద్ది?"

"ఎంతసేపేంది అక్కా, రేయింబవళ్లు. స్వామి దీపం కొండెక్కనిస్తానా?"

"ఒసేయ్ పిచ్చిదానా, నూనె పొయ్యకుండా ఏ దీపం ఎలిగిద్దే? అది తాగేది మీ బ్యాటరీనే!"

మేమందరం కారు వైపు తిరిగాము. స్వామి నిర్మలంగా మా వైపే చూస్తున్నాడు. మా ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నారు. ఎదురింటి బాబాయ్ తువ్వాలు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయారు.

"అంటే స్వామే తాగేశాడంటావా?" అంది అత్తయ్య.

"నేననలా. నువ్వే తాపావు" అని పెద్దత్తయ్య ఫోన్ పెట్టేసింది.

ఆ రోజంతా అత్తయ్య కారు చుట్టూనే తిరిగింది. తన చేత్తో దీపం ఆపటం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చేయని పని. బ్యాటరీ ఛార్జింగ్‌కి వెళ్లొచ్చి మళ్లీ కారులో కూర్చుంది గానీ, దీపం క్లిప్పులు తగిలించాలో వద్దో అడిగే ధైర్యం మాకెవరికీ లేదు. మర్నాడు పొద్దున్నే అత్తయ్య తనే కారు తలుపు తీసి, స్వామిని రెండు చేతులా పట్టుకుని లాగింది. రెండువైపులా అంటుకునే టేపు గట్టిది. మూడో పట్టుకి స్వామి ఊడొచ్చాడు, ఆయన పీఠానికి మా కారు తోలు కాస్త అంటుకొచ్చింది. తీసుకెళ్లి పూజగదిలో పెట్టి, నూనె దీపం వెలిగించింది.

"ఇక్కడైతే నూనె నేను పోస్తా. అక్కడ నువ్వు మా అక్కని చూడనియ్యట్లా" అని స్వామికి మొహం మీదే చెప్పేసింది.

కారు ఒక్క తిప్పుకే లేచింది.

మాచర్లలో పెద్దత్తయ్య నిన్నటి పట్టుచీరే కట్టుకుని ఉంది. కారు దగ్గరికొచ్చి బానెట్ మీద చెయ్యి వేసి తడిమింది. "నిజంగా కారేనే" అంది. చెల్లెల్ని మాత్రం తడమలేదు, వీపు మీద ఒక్కటి చరిచింది.

ఎత్తిపోతలలో నీళ్లు నిజంగానే బాగా దూకుతున్నాయి. పెద్దత్తయ్యని మెల్లగా నడిపించి, గ్రిల్ దగ్గర నిలబెట్టాము. ఆవిడ కళ్లు చికిలించి చూసింది. "తెల్లగా ఏందో కదులుతా ఉంది. బానే ఉంది" అని వెంటనే వెనక్కి తిరిగింది.

"అక్కా, ఇంకాసేపు చూడవే. ఇందుకే గదా ఇంత దూరం!" అంది అత్తయ్య.

"నీళ్లదేముందే, బోరు కింద రోజూ చూస్తా. నిన్ను చూసి ఎన్నాళ్లయింది?"

ఇద్దరూ వెళ్లి కారు వెనక సీట్లో కూర్చున్నారు. ఉక్కగా ఉందంటే మా ఆయన ఇంజను వేయకుండా తాళం సగం తిప్పి ఫ్యాను పెట్టారు, పాటలు పెట్టారు. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. మేమిద్దరం నీళ్ల దగ్గరికి వెళ్లి, తీరిగ్గా చూసుకుని, ఫోటోలు దిగి, మొక్కజొన్న కంకులు తిని వచ్చేసరికి లోపల ఫ్యాను లేదు, పాట లేదు. ఆ నిశ్శబ్దంలో ఇద్దరూ ఒకళ్ల మాట ఒకళ్లని పూర్తిచేయనివ్వకుండా మాట్లాడుకుంటున్నారు, ఫ్యాను ఆగిన సంగతి ఇద్దరికీ తెలియదు. మా ఆయన తాళం తిప్పారు.

"టిక్కు."

ఆయన స్టీరింగ్ మీద తల వాల్చేశారు. నిన్న ఇదే బ్యాటరీ కోసం మెట్టు మీద కూర్చుని ఏడ్చిన మా అత్తయ్య కనీసం ఇటు తిరగలేదు.

"పోతే పోయిందిలేరా. నిదానంగా చేయించు. మాకేం తొందర?"

మా ఆయన పరుగెత్తి ఎక్కడో ఒక జీపు డ్రైవర్ని పట్టుకొచ్చారు. ఆ డ్రైవరు చాలా మంచివాడు, అడిగిన వెంటనే తన జీపు బ్యాటరీ నుంచి మా దానికి కరెంటివ్వటానికి వైర్లు పట్టుకుని బయలుదేరాడు. వెనక సీట్లో మాటలు ఇంకా సగంలోనే ఉన్నాయి, నాకు ఆయన మంచితనం మీద ఒళ్లు మండింది. ఎదురెళ్లి, ముందు టీ తాగుదాం రండి అన్నాను. ఇప్పుడే తాగొచ్చానమ్మా అన్నాడు. ఇంకోటి తాగండి అన్నాను.