నౌపడ ఉప్పు మడుల్లో పాటలు పాడని రేడియో

నేను ఎయిర్‌పోర్టులో వాతావరణం చూసే గదిలో పనిచేస్తాను. మెరుపు మెరిసినప్పుడు పుట్టే రేడియో తరంగాలను మా యాంటెనాలు పట్టుకుని, అది ఎక్కడ మెరిసిందో తెర మీద చుక్క పెడతాయి. చుక్కలు దగ్గరికొస్తే విమానాల దగ్గర పనిచేసే వాళ్ళందరినీ లోపలికి పిలిచేస్తాం. వేసవి మధ్యాహ్నాల్లో ఆ చుక్కలు తరచుగా నౌపడ తీరం మీద పడేవి. వాటి కింద ఎవరుంటారో చూడాలని మే నెలలో ఒక సెలవు రోజు బయల్దేరాను.

విశాఖలో ఉదయం పలాస ప్యాసింజర్ ఎక్కితే సుమారు మూడు గంటల్లో నౌపడ. అక్కణ్ణుంచి ముప్పై రూపాయల షేర్ ఆటోలో టెక్కలి వెళ్ళి టిఫిను తిని, రావివలసలో ఎండల మల్లికార్జునుడి దర్శనం చేసుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి నౌపడ ఉప్పు మడులకి ఆటో మాట్లాడుకున్నాను, రానూపోనూ నాలుగొందలు. "మబ్బేత్తంది మేడం, బేగి వచ్చేద్దుం" అన్నాడు డ్రైవరు. "ఇంకా చాలా దూరంలో ఉందిలే" అని ఫోన్లో మా చుక్కల బొమ్మ చూపించి గొప్పలు పోయాను.

మడుల్లో గౌరమ్మ అనే పెద్దావిడ, ఆవిడ కోడలు ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పుతున్నారు. పదిరోజులు ఎండలో లాగిన ఉప్పు, వాన తగిలితే నీళ్ళే. గట్టు మీద పాత రేడియో ఒకటి గరగరమంటోంది. "స్టేషన్ సరిగ్గా పెట్టుకోవచ్చు కదమ్మా?" అన్నాను.

"పాటొత్తే పిడుగు మాట ఇనపడదు కదేటి! మెరిసినప్పుడల్లా ఇది కర్రుమంటాది. కర్రుకీ కర్రుకీ సందు లేకపోతే మనం ఇక్కడుండకూడదు" అంది గౌరమ్మ. రేడియోని మెల్లగా తిప్పి చూపించింది. దాని పొడవు మబ్బుకేసి తిరిగినప్పుడు చప్పుడు తగ్గింది, అంటే మెరుపు ఏ వైపుందో కూడా చెబుతోంది. ఓరి దేవుడా, మా యంత్రాలు చేసే పనీ ఇలాంటిదే!

సగం కుప్పలు కప్పేసరికి చప్పుడుకి ఎడం లేకుండా పోయింది. "ఒగ్గేయే, ఎల్లిపోదుం" అంది గౌరమ్మ కోడలితో. ఆ పిల్ల మిగిలిన కుప్పల వైపు చూసి, నా వైపు తిరిగింది. "మేడం, మీ ఫోన్లో ఏటుంది?"

"ఇంకా ఇరవై కిలోమీటర్లు. అరగంట టైముంది" అన్నాను ధీమాగా. కోడలు మళ్ళీ ఆకు అందుకుంది. గౌరమ్మ వచ్చి కోడలి రెక్క పుచ్చుకుని లాక్కుపోయింది. వాళ్ళ వెనకే నేనూ, డ్రైవరూ పరుగెత్తాం. మడుల పక్కనున్న ఉప్పు గోదాములోకి అడుగుపెట్టామో లేదో, ఆ మడుల్లోనే పిడుగు పడింది. ఫోన్ చూస్తే సిగ్నల్ లేదు, నేను నమ్మిన బొమ్మ పావుగంట కిందటిది. సిగ్గుతో చచ్చిపోయాను. చుక్క కింద మనిషిని చూద్దామని వచ్చి, ఆ మనిషినే చుక్క కిందకి తోయబోయాను.

కప్పని కుప్పలు వానకి మా కళ్ళముందే కరిగిపోయాయి. "ఉప్పుదేటుందే, ఎండొత్తే మళ్ళీ పేరుకుంటాది" అంటూ గౌరమ్మ కోడలి తల తుడిచింది. కోడలు ఏడుస్తూనే ఉంది.

మా దగ్గర పని ఆపినందుకు ఎవరి జీతమూ ఆగదు, అయినా గంట ఆలస్యమైతే ఎన్ని తిట్లు తింటామో! గౌరమ్మకి ఆపమని చెప్పేవాళ్ళు లేరు, ఆపితే పదిరోజుల కష్టం పోతుంది. అయినా ఆపింది. ఇప్పుడు చుక్క కనపడితే, అది ఎన్ని నిమిషాల కిందటిదో ముందు చూస్తున్నాను.

మీరు నౌపడ వెళ్తే, వేసవిలో పొద్దున్నే వెళ్ళి పన్నెండులోపు వచ్చేయండి. మబ్బు పడితే ఎవరికీ సలహాలివ్వకండి, మడుల్లో వాళ్ళు లేస్తే మీరూ లేవండి.