తడి తువ్వాలులో ఫెర్న్ మొక్కలు

ఎనభైల్లో ఒక చలికాలం, భద్రాచలం నుంచి ఖమ్మం వెళ్తున్న బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆయన ఒళ్లో, వేళ్ల చుట్టూ తడి తువ్వాలు కట్టిన ఫెర్న్ మొక్కలున్నాయి. ఎందుకని అడిగాను.

"పెరట్ల బాయికాడ పెడ్త బిడ్డా. చలికాలం తోటంత వాడినా గివి పచ్చగుంటయ్. కప్పలొచ్చి వీటి కింద దాక్కుంటయ్. చూసుకుంట కూసుంట."

సారపాకలో తాగిన మనిషొకడు భార్యతో ఎక్కాడు. సీటు దగ్గర ఇద్దరికీ ఏదో మాట పెరిగింది. వాడు ఆమె జుట్టు పట్టి తలను కిటికీ ఊచలకేసి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. నుదురు చిట్లి రక్తం కారింది. బస్సంతా చూస్తూ ఉండిపోయింది, నాతో సహా.

పెద్దాయన మొక్కలు నా ఒళ్లో పెట్టి లేచాడు. వెళ్లి వాడి చెయ్యి వెనక్కి విరిచాడు. వాడు తలతో గుద్దితే ఆయన ముక్కు పగిలింది. అయినా వదల్లేదు. కండక్టర్ బస్సు ఆపించాడు. ఇద్దరూ కలిసి వాడిని కిందికి తోసేశారు.

"దిగవే, చంపుత," అని వాడు రోడ్డు మీద నుంచి అరిచాడు.

"నేను దిగ," అంది ఆమె. బస్సు కదిలింది.

పెద్దాయన మొక్కలకు కట్టిన తువ్వాలు విప్పి ఆమె నుదుటికి అదిమాడు. ఆరిపోతున్న మొక్కల వేళ్ల మీద నేను నా సీసాలోని నీళ్లు పోశాను.

కొత్తగూడెంలో దిగబోతూ ఆయన ఒక మొక్క విడదీసి ఆమెకిచ్చాడు. "నీడపట్టున పెట్టమ్మా."

"ఏడ పెట్టాల్నో నాకే తెల్వదు."

"నువ్వు ఏడుంటే ఆడ పెట్టు."

ముక్కు నుంచి కారుతున్న రక్తం భుజానికి తుడుచుకుని ఆయన దిగిపోయాడు. ఆమె ఖమ్మం దాకా ఆ మొక్కను కింద పెట్టలేదు.