అత్తయ్య పంపిన అభ్యంతరం

నాన్న రాజమండ్రి కోర్టులో టైపిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన అక్క, మా అత్తయ్య, సముద్రం ఒడ్డున ఒక పల్లెలో ఒంటరిగా ఉండేది.

వీధికో ఇంటర్నెట్ సెంటర్ వెలిసిన రోజులవి. తీరంలో ఎక్కడ ఏం కట్టుకోవచ్చో చెప్పే కొత్త నిబంధనల ముసాయిదాను ప్రభుత్వం ఇంటర్నెట్‌లో పెట్టిందనీ, అభ్యంతరాలు ఈమెయిల్ చేయొచ్చనీ నాన్న పేపర్లో చదివారు. వెంటనే అత్తయ్యను రమ్మని ఫోన్ చేశారు.

మా వీధి చివరి సెంటర్లో ముగ్గురం ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేను తెలుగులో చెబుతున్నాను.

"సముద్రం ముందుకొస్తోందని ఉందా అందులో?" అంది అత్తయ్య.

"ముందుముందు నీటిమట్టం పెరగొచ్చని ఉందత్తయ్యా."

"ముందుముందు ఏంటే? మా దొడ్లోకి వచ్చేస్తేనూ!"

నాన్న టైప్ చేయడం మొదలుపెట్టారు. పాత టైపురైటర్ అలవాటుకొద్దీ కీబోర్డును టకటకా బాదుతుంటే పక్కవాళ్లు తిరిగి చూశారు.

"ఏం రాశావురా?"

"మిక్కిలి వినయంతో మనవి చేసుకుంటున్నానని."

"వినయం ఒకసారి చాల్లే. చర్చి వెనక మీ బావ సమాధి సముద్రంలో కలిసిపోయిందని రాయి."

నాన్న వేళ్లు ఆగిపోయాయి. ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

"ఎప్పుడక్కా?"

"మొన్న వానాకాలంలో. చెబితే బెంగపెట్టుకుంటావని చెప్పలేదు."

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అత్తయ్య ఆయన వీపు మీద చెయ్యి వేసి, "రాయి నాయనా," అంది. ఆయన మెల్లగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ రాశారు.

పంపిన కాసేపటికే మీ అభిప్రాయం అందిందని జవాబొచ్చింది.

"మెషీన్ పంపిందక్కా. ఇంకా మనిషెవరూ చూసి ఉండరు," అన్నారు నాన్న.

"చూస్తార్లే. మావాళ్లవి కూడా రాసిపెడతావా?"

గడువు ముగిసేలోగా ఆ పల్లె నుంచి మరో నలుగురిని తీసుకొచ్చింది. ఎవరి మాటలు వాళ్లవిగానే నాన్న రాసి పంపారు. ఆ ఉత్తరాల వల్ల ఏమైనా మారిందో లేదో మాకు తెలియలేదు.

మరుసటి ఏడు అత్తయ్య ఇంటి వెనకగోడ కూలింది. నాన్న వెళ్లి ఆవిణ్ణి మా ఇంటికి తీసుకొచ్చేశారు. రోజూ పొద్దున్నే ఇద్దరూ గోదావరి గట్టు మీద నడిచేవారు. అక్క తూలితే పట్టుకోవచ్చని నాన్న ఒక అడుగు వెనకే ఉండేవారు.