గోరు నొక్కి చూసిన పెద్దాయన

చీరాల దగ్గరి ఊళ్లో, విరిగిన ఎముకలకు వెదురుబద్దలతో కట్టుకట్టే ఆ పెద్దాయనను నేను నమ్మలేదు. మిర్చి బస్తా మీదపడి తమ్ముడి ముంజేయి విరిగితే, అమ్మే పట్టుబట్టి అక్కడికి తీసుకెళ్లింది.

ముడి వేసిన ప్రతిసారీ ఆయన తమ్ముడి గోరు నొక్కి వదిలి, తెల్లబడిన చోటికి ఎరుపు తిరిగొస్తోందా అని చూశాడు. మూడో ముడికి రాలేదు. వెంట్రుకకన్నా సన్నని కేశనాళికల్లో రక్తం కదిలితేనే కణాలకు ప్రాణవాయువు అందుతుంది. లేకపోతే వేళ్లు చచ్చిపోతాయి. నేను నోరు తెరిచేలోపే ఆయన కట్టంతా కోసేశాడు. గోరు నెమ్మదిగా ఎర్రబడింది.

"వాపు ముదురుతోందమ్మా, ఇది నావల్ల కాదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లు."

"మీ హస్తవాసి నమ్మి వచ్చామండీ," అంది అమ్మ.

"హస్తవాసి నెత్తురు పారిస్తుందా తల్లీ?"

వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లడంతో తమ్ముడి వేళ్లు దక్కాయి. మీ కట్టు సరైనదనడానికి రుజువేమిటని నేను అడగాలనుకున్న ప్రశ్నను, ప్రతి ముడి దగ్గరా ఆయన తనకు తానే వేసుకున్నాడని ఆలస్యంగా గ్రహించాను.