నా బిడ్డ పొట్ట మీది వాత

నా బిడ్డకు ఆరేళ్లొచ్చినా మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. పొద్దంతా చింతగింజలు వరుసగా పేర్చుకునేది. ఒక్క గింజ కదిలినా ఇల్లు పీకి పందిరేసేది. దీనికి ఆటిజం అని పేరుందని ముసలితనంలో తెలిసింది నాకు. ఆ నిజాం రాజ్యంలో, మా సిద్దిపేటలో, అందరికీ తెలిసిన మందు ఒక్కటే. కాల్చిన ఇనుప కడ్డీతో పొట్ట మీద వాత. వాతలు పెట్టే ఆయనతో పెట్టించాం. కాళ్లు కదలకుండా పట్టుకున్నది నేనే.

మాట రాలేదు సరికదా, నెలల తరబడి నా దగ్గరికే రాలేదు. రెండేళ్ల తర్వాత, రోజూ బీరపాదుకు చెంబుతో పోస్తూ నేను "నీళ్లు, నీళ్లు" అంటుంటే, ఒకనాడు చెంబు అందుకుని "నీళ్లు" అంది. వాత పనిచేసిందని వాడకట్టంతా చెప్పుకున్నారు. నేను కాదనలేదు. కన్నబిడ్డను ఊరికే కాల్చానని ఏ నోటితో చెప్పను?

ఓ అంగడి రోజున, బెజ్జంకి నుంచి ఒక కూలి తల్లి నాలుగేళ్ల కొడుకును చంకనేసుకుని వచ్చింది. గడపలోనే వాడి అంగీ ఎత్తింది. పొట్ట మీద మూడు వాతలు, ఇంకా పచ్చిగా.

"నీ బిడ్డకు గిట్లనే మాటొచ్చిందట గదక్కా. గది ఇనే పెట్టించిన. వీడింక పలుకుతలేడు. వాతలు పెట్టేటాయన ఇయ్యాల మల్లొకపారి పెడ్తనంటుండు. నువ్వెన్నిమార్లు పెట్టించినవో అడుగుదామని అచ్చిన."

ఆ పసివాణ్ణి నేను ఎన్నడూ చూడలేదు. అయినా కాల్చింది నేనే.

మూలన గింజలు పేర్చుకుంటున్న నా బిడ్డ తలెత్తి వాడి పొట్ట చూసింది. తన పొట్టను రెండు చేతులతో మూసుకుని, గోడకు అతుక్కుపోయింది. మరిచిపోయిందనుకున్నాను నేను, సిగ్గులేనిదాన్ని.

"పోవద్దు చెల్లే! వాతతోని రాలే మాట. అందరంటుంటే నోరు మూసుకున్న."

ఆమె కొడుకును గట్టిగా పొదువుకుంది. "గీ మాట ముందుగాల చెప్తే నీ సొమ్మేం బోయేదక్కా?" అంది.

కొబ్బరినూనె తెచ్చాను. నన్ను వాణ్ణి ముట్టనివ్వలేదు. గిన్నె లాక్కుని వాడి పొట్టకు తనే రాసింది. కానీ ఆ రోజు వాతలు పెట్టే ఆయన దగ్గరికి మాత్రం పోలేదు.

తర్వాత మాట రాని బిడ్డలతో ఎందరో తల్లులు నా గడప తొక్కారు. మాట నేర్పిన బీరపాదు, చెంబు తర్వాత చూపించేదాన్ని. ముందు, నా బిడ్డ కాళ్లు పట్టుకున్న చేతులు ఇవేనని చెప్పేదాన్ని.