మొగిలి కనుమ ఎక్కిన మా అత్త

మా అత్తకు మా పెరటి బావి నీళ్లు తప్ప వేరే నీళ్లు గొంతు దిగవు. పెళ్లికి పోయినా ఆమె వెంట నీళ్లచెంబు పోవాల్సిందే, పొద్దు గూకేలోపల ఇల్లు చేరాల్సిందే. అందుకే అరవై దాటినా చిత్తూరు బయట ఒక్క రాత్రి పడుకోలేదు. మొగిలి కనుమ కొండదారికి అవతల పుంగనూరులో ఉన్న సొంత చెల్లెలి ఇల్లు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు.

చెల్లెలు వచ్చినప్పుడల్లా దెప్పేది. "నేనొచ్చి నీ గడప అరగదీసేదే గానీ, నువ్వు మా ఇంటికి ఎప్పుడొచ్చినావక్కా?"

అత్త నవ్వేసేది. చెల్లెలు బస్సెక్కాక రెండు రోజులు ఆ బాధంతా నామీద చూపించేది. ఒక కార్తీకంలో చెల్లెలు కబురు చేసింది, మోకాళ్లు పట్టేశాయని, ఇక తాను రాలేనని. ఆ పూట అత్త అన్నం ముట్టలేదు.

మా ఆయనది మామిడికాయల వ్యాపారం. కాయల కాలం అయిపోతే పాత వ్యాను ఊరికే పడి ఉండేది. ఆయన దాంట్లో పడుకోవడానికి బల్ల బిగించాడు, కిరసనాయిలు స్టవ్వుకు పలకలతో గూడు కట్టాడు, కిటికీలకు నా పాత చీరలు వేలాడదీశాడు. మూలన పెద్ద ఇత్తడి గంగాళం నిండా మా బావి నీళ్లు పోసి, మూత మీద గుడ్డ కట్టాడు.

"అమ్మా, ఇంట్లోనే ఉండి పుంగనూరు పోదాం, రా" అన్నాడు.

అత్త బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. మూడోసారి ఎక్కి కూర్చుంది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. బంగారుపాళ్యం దాకా దారి పొడుగునా చెరువులు నిండి, నీళ్లు పొర్లి మొరవ పోతున్నాయి. "సూడమ్మే, సూడు!" అని అత్త చిన్నపిల్లలా నా భుజం కుదిపేది. నేనేమో మలుపు మలుపుకూ గంగాళాన్ని చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని చెమటలు కక్కుతున్నాను. చూసే భాగ్యం ఆమెది, మోసే భాగ్యం నాది.

మొగిలి కనుమ సగం ఎక్కేసరికి బండి ముందర గుప్పున ఆవిరి లేచింది. మా ఆయన దిగి చక్రాల వెనక రాళ్లు పెట్టాడు. ఇంజనుకు నీళ్లు కావాలి. బండిని ఇల్లు చేసిన మనిషి, బండికని ఒక్క డబ్బా నీళ్లు వేరుగా పెట్టుకోలేదు! నాకు ఒళ్లు మండింది.

"మెల్లిగా కిందికి దించుకుంటా మొగిలి ఊరికి పోదాం. ఇంటికి తిరుక్కుందాంలే అమ్మా" అన్నాడు గొణుగుతూ.

గంగాళం ఉందని ఆయనకూ తెలుసు. అడిగే ధైర్యం లేదు. నేనే నోరు తెరిచాను. "ఈడ గంగాళం నిండా ఉండాయి కదత్తా."

అత్త కొండకేసి చూసింది. ఆ నీళ్లు పోతే ఆమెకు వంట లేదు, దాహానికి చుక్క లేదు. తర్వాత తానే గంగాళం గుడ్డ విప్పింది.

"దప్పికన్నోళ్లకి నీళ్లు లేవని మనింట్లో ఎవురూ చెప్పలేదురా. బండైతే మాత్రం ఏమి? ఆ నీళ్లే పొయ్యి."

చల్లారనిచ్చి చెంబుతో ముంచి పోశాం. పోసింది పోసినట్టు సగం పొంగి రోడ్డు పాలైంది. గంగాళం అడుగు కనబడేసరికి బండి కదిలింది. మూలుగుతూ, దగ్గుతూ, మనిషి నడకకన్నా మెల్లగా ఎక్కింది. అత్త ముందు సీట్లో కూర్చుని ఒక్కో మలుపుకూ "పోనీరా, పోనీ!" అని అరిచింది. కొండ మీదికి చేరగానే చల్లగాలి కొట్టింది. ముగ్గురం ఒక్కసారి కేకవేశాం. నేను మా అత్తను మా ఆయన ముందరే కౌగిలించుకున్నది ఆ ఒక్కరోజే.

పలమనేరు చెరువు దగ్గర తాగే నీళ్లకని ఆపుదామా అంటే అత్త తల అడ్డంగా ఊపింది. ఎండిన పెదాలు తడుపుకుంటూనే పుంగనూరు దాకా వచ్చింది.

చెల్లెలు గోడ పట్టుకుని కుంటుతూ బయటికి వచ్చింది. అక్క సంగతి తెలిసిందే కాబట్టి కాళ్లు కడుక్కోవడానికి మాత్రమే చెంబుతో నీళ్లు తెచ్చింది. అత్త కాళ్లు కడుక్కుంది. ఖాళీ చెంబు చెల్లెలి చేతికి తిరిగి ఇచ్చింది.

"తాగేదానికి తేవే. దప్పికగా ఉండాది" అంది.

చెల్లెలు చెంబు పట్టుకుని గడపలోనే ఏడ్చేసింది.